ఆ ఆవ్రో విమానాన్ని తుక్కు కింద అమ్మేముందు మాకో జవాబు రాయండి

విమానాశ్రయాల అధికారులకు, పౌర విమానయాన ఫైళ్ళు చూసే పెద్దలకు, రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక, సాంకేతిక విద్యా శాఖల వారికి,

అయ్యా, అమ్మా,

మీ పనుల ఒత్తిడి తెలుసు కాబట్టి నమస్కారం పెట్టి నేరుగా విషయానికొస్తున్నాం. మేం పాతిక మంది దాకా ఉంటాం. విమానాల మెయింటెనెన్స్‌లో జీవితమంతా పనిచేసి రిటైరైన టెక్నీషియన్లు, ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) కోర్సు చదువుతున్న పిల్లలు, ఒక వెల్డింగ్ షాపు ఓనరు, ఇద్దరు ఐటీఐ మాస్టార్లు, ఒక బ్యాంకు ఉద్యోగి (ఈయనకు విమానాల పిచ్చి తప్ప వేరే అర్హత ఏదీ లేదు, కానీ చిల్లర ఖర్చులకు కూడా లెక్క రాసేది ఆయనే). ఒక విమానాశ్రయంలో రన్‌వేకి దూరంగా, కంపచెట్ల మధ్య ఏళ్ళ తరబడి పడి ఉన్న ఆవ్రో 748 ప్రయాణికుల విమానాన్ని బాగుచేస్తున్నాం. అంటే, చేస్తూ ఉండేవాళ్ళం. ఇప్పుడు గేటు దాటనివ్వడం లేదు. మళ్ళీ ఎగరేయాలని కాదు, ఆ భ్రమ మాలో ఎవరికీ లేదు. నలుగురూ ఎక్కి చూసేలా, పిల్లలు చేత్తో తాకి నేర్చుకునేలా నిలబెట్టాలని, అంతే.

విమానాశ్రయం పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. ఇన్నాళ్ళు మాకు నోటిమాట మీద గేటు తెరిచిన సెక్యూరిటీ వాళ్ళు, కింది స్థాయి ఉద్యోగులు ఉన్నారు, వాళ్ళకు మెమోలు రావడం మాకు ఇష్టం లేదు. ఆ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో వాళ్ళకు ఈ లేఖ సగం చదివేసరికే తెలిసిపోతుంది.

"పాత డబ్బా కోసం ఇంత గొడవెందుకు" అని ఒక అధికారి మా మొహం మీదే అన్నారు కాబట్టి ముందు ఆ డబ్బా గురించి చెప్తాం. బ్రిటన్ డిజైన్‌కి లైసెన్సు తీసుకుని మన దేశం కాన్పూర్‌లో సొంతంగా తయారుచేసుకున్న ప్రయాణికుల విమానం ఇది. కాన్పూర్‌లో తయారైన మొదటి ఆవ్రో 1961 నవంబర్ 1న ఎగిరింది, వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయిన సుబ్రతో ముఖర్జీ జ్ఞాపకంగా దానికి సుబ్రతో అని పేరు పెట్టారు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్ళు. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ మొత్తం 89 ఆవ్రోలు తయారుచేస్తే 72 వైమానిక దళానికి, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి వెళ్ళాయి. రెండు రోల్స్‌రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ ఇంజన్లు, నలభై పైచిలుకు సీట్లు, పెద్ద జెట్లు దిగలేని చిన్న రన్‌వేల మీద కూడా దిగి లేచే బలం. డార్ట్ ఇంజన్ కీచుమనే మోత ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు. మాలో ఇద్దరు పెద్దవాళ్ళకు చెవులు సరిగా వినబడవు, అది ఆ ఇంజన్ పుణ్యమే అని వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ దాన్ని తిడుతుంటారు.

మా దగ్గరున్నదీ కాన్పూర్‌లో తయారైనదే, ప్రయాణికులను మోసినదే. సర్వీసు నుంచి తీసేశాక ఒక శిక్షణ సంస్థ విద్యార్థుల ప్రాక్టికల్స్ కోసం కొనుక్కుంది. ఆ సంస్థ మూతపడింది. విమానం మాత్రం అక్కడే ఉండిపోయింది, స్థలం అద్దె బాకీ దాని పేరు మీద పెరుగుతూ వచ్చింది. ఇంజన్లు రెండూ ఉన్నాయి, కాక్‌పిట్‌లో సగం మీటర్లు ఎవరో పీక్కుపోయారు, సీట్లు ఎలుకల పాలయ్యాయి, మేం మొదటిసారి వెళ్ళినప్పుడు చక్రాల అరలో జెర్రిపోతు కాపురం పెట్టి ఉంది.

ఏం చేశామో చెప్తాం, ఎందుకంటే మీ ఆఫీసులో ఒక నోట్‌లో "కొందరు ఔత్సాహికులు శుభ్రం చేస్తున్నారు" అని మాత్రమే రాశారని విన్నాం. శుభ్రం చేయడం తేలిక. ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా కనబడుతుంది, అల్యూమినియానికి పట్టేది తెల్లటి పొడి. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, గోటితో గీకితే కింద రేకు పొరలు పొరలుగా ఉబ్బి ఊడొస్తుంది. ఏ పాత విమానంలోనైనా ఇది ముందుగా పట్టేది టాయిలెట్ కింద, వంటగది కింద, పొట్ట అడుగున నీళ్ళు నిలిచే చోట. నీళ్ళు కారిపోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, పావురాల రెట్ట, ఈకలు, మట్టి చేరి అవి మూసుకుపోతే ప్రతి వానాకాలం విమానం పొట్ట కుంటలా నిండుతుంది. పావురాల రెట్టే అల్యూమినియాన్ని తినేస్తుంది. కాబట్టి మా మొదటి పని పెయింట్ వేయడం కాదు, ఫోటోలకు పనికొచ్చే పని ఒక్కటీ కాదు, పుల్లలతో ఆ రంధ్రాలు పొడవడం, గూళ్ళు తీయడం, కిటికీలకు, ఇంజన్ నోళ్ళకు వల కట్టడం. రెట్ట ఎత్తింది మాస్కులు కట్టుకున్న రిటైర్డ్ ఫోర్‌మన్లు. డెబ్బై దాటినవాళ్ళు. పిల్లలను చేయనివ్వలేదు.

తర్వాత పాడైన రేకులు కోసి తీసి కొత్తవి వేయడం మొదలుపెట్టాం. రివెట్ కొట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, బయట ఒకరు గన్ పట్టుకుంటే లోపల ఇరుకులో ఇంకొకరు డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి కూచోవాలి, ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనబడదు, తట్టే చప్పుడుతోనే మాట్లాడుకోవాలి. బయట పెద్దాయన, లోపల పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. ఏ క్లాసులో నేర్పుతారండీ ఇది? ఎగిరే విమానానికైతే సర్టిఫికెట్ ఉన్న రేకు, సర్టిఫికెట్ ఉన్న రివెట్ వాడి తీరాలి, మా స్తోమతకు అది అందదు. నిలబెట్టే విమానం కాబట్టి మామూలు అల్యూమినియం రేకు, రాణీగంజ్‌లో తూకానికి దొరికే రివెట్లు వాడాం, ఎక్కడెక్కడ మామూలు రేకు వేశామో ఒక పుస్తకంలో బొమ్మ గీసి రాసుకున్నాం. రేపు ఎవరైనా ఇంకా బాగా చేయదలుచుకుంటే వాళ్ళకు తెలియాలి కదా. పాత పసుపుపచ్చ జింక్ క్రోమేట్ ప్రైమర్ మంచిదే కానీ ఊపిరితిత్తులకు విషం, అందుకని దాని జోలికి పోలేదు. టైర్లు చచ్చిపోయాయి, కొత్తవి దొరకవు, మా వెల్డింగ్ షాపు ఆయన పాత గర్డర్లతో స్టాండ్లు చేసి ఇచ్చాడు, కూలి తీసుకోలేదు. సంపాదన ఉన్నవాళ్ళం తలా నెలకు అయిదొందలు వేసుకుంటాం, విద్యార్థుల దగ్గర తీసుకోం. ఇదీ మా బడ్జెట్. ఏ ప్రభుత్వం దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు.

పని ఆగింది డబ్బు లేక కాదు. ఉన్న అధికారి బదిలీ అయ్యారు, వచ్చిన అధికారి "రాతపూర్వక అనుమతి ఏది" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, అడగాల్సిందే. వెంటనే దరఖాస్తు పెట్టాం, పేర్లు, ఆధార్ కాపీలు, పాత ఉద్యోగాల గుర్తింపు కార్డులు, చేయబోయే పని వివరం, అన్నీ జతచేశాం. జవాబు లేదు. గుర్తుచేస్తూ మళ్ళీ రాశాం. ఇన్‌వర్డ్ ముద్ర పడింది, జవాబు లేదు. విమానం ఎవరిదని అడిగితే మూతపడ్డ సంస్థదన్నారు, ఆ సంస్థ పాత యజమానుల్ని వెతికి పట్టుకుని అడిగితే "మాకు సంబంధం లేదు, తీసుకుపోండి" అని కాగితం రాసిచ్చారు, ఆ కాగితం ఇస్తే "బాకీ తీర్చకుండా మార్చడానికి వీల్లేదు" అన్నారు, బాకీ ఎంతో చెప్పమంటే లెక్క తేలలేదన్నారు. సమాచార హక్కు కింద అడిగితే కోరిన సమాచారం అందుబాటులో లేదని వచ్చింది. ఇంతలో తుక్కు కింద వేలం వేయాల్సిన వస్తువుల జాబితా ఒకటి తయారవుతోందని, అందులో పాత జనరేటర్లు, విరిగిన ట్రాలీల పక్కన మా విమానం కూడా ఉందని తెలిసింది. బాకీ లెక్క తేలకుండా మాకు ఇవ్వడం కుదరదు గానీ తుక్కు వాడికి ఇవ్వడం ఎలా కుదురుతుందో మాకు అర్థం కాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

ఈ విమానం పోతే ఎవరికి ఏం పోతుందో వరసగా చెప్తాం. మా సరదా పోతుంది, నిజమే, అది పెద్ద విషయం కాదు.

1. చదువుకునే పిల్లలు. ఏఎంఈ కోర్సుకి కుటుంబాలు లక్షల్లో ఫీజులు కడుతున్నాయి. వ్యవసాయం చేసుకునే ఇళ్ళ నుంచి, ఆటో నడిపే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు మా దగ్గరున్నారు. 2023లో ఒక్క ఏడాదిలో ఎయిరిండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చాయి. 2025 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర సఫ్రాన్ కంపెనీ లీప్ అనే జెట్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. పని ఇక్కడికే వస్తోంది. కొత్త విమానం మీద విద్యార్థిని చెయ్యి వేయనివ్వరు, ఇవ్వకూడదు కూడా. తప్పు చేసినా ఎవరి ప్రాణమూ పోని విమానం ఒకటి ఉండాలి, రేకు వంకరగా కోస్తే పెద్దాయన తిట్టి మళ్ళీ కోయించే విమానం. మా ఆవ్రో అదే. మా దగ్గర రివెట్ నేర్చుకున్న పిల్లల్లో కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు.

2. రిటైరైనవాళ్ళ చేతిలోని విద్య. డార్ట్ ఇంజన్ కవర్ ఏ వరుసలో విప్పాలో, ముక్కు చక్రం ఎక్కడ మొరాయిస్తుందో మాన్యువల్‌లో కొంత ఉంటుంది, మిగతాది వీళ్ళ చేతుల్లో ఉంది. వీళ్ళకు ఇప్పుడు డెబ్బై, డెబ్బై అయిదు. మీరు ఫైలు పక్కన పెట్టిన కాలంలోనే మాలో ఒకాయన కన్నుమూశారు. హైడ్రాలిక్స్ ఆయనకు తెలిసినంతగా మిగిలినవాళ్ళలో ఎవరికీ తెలియదు. ఆయన చెప్పింది కొంత ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం, కొంతే.

3. తుక్కు కోసే కూలీలు. ఈ సంగతి ఎవరూ మాట్లాడరు, మేం మాత్రం చెప్పి తీరతాం. వేలంలో కొన్నవాడు గ్యాస్ కట్టర్ ఇచ్చి దినకూలీలను పంపిస్తాడు. పాత క్రోమేట్ ప్రైమర్ ఉన్న రేకుని మంటతో కోస్తే వచ్చే పొగ క్యాన్సర్ తెస్తుంది. ఆ తరం విమానాల బ్రేకుల్లో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, కొన్ని పాత మీటర్ల అంకెలకు రేడియం పూత ఉండే అవకాశం ఉంది. ల్యాండింగ్ గేర్ కాళ్ళలో, హైడ్రాలిక్ అక్యుములేటర్లలో ఒత్తిడితో బంధించిన గ్యాస్ ఉంటుంది, అది వదలకుండా కోస్తే పేలుతుంది. ఇంజన్ మంటలార్పే సిలిండర్లకు చిన్న పేలుడు క్యాప్సూల్స్ బిగించి ఉంటాయి. ఇవేవీ ఆ కూలీకి ఎవరూ చెప్పరు. మేం పని మొదలుపెట్టినప్పుడు ముందుగా చూసుకున్నవి ఇవే, ఎక్కడెక్కడ ఏముందో మా పుస్తకంలో ఉంది. మీరు అడిగితే రేపే ఇస్తాం.

4. విమానం ఎప్పుడూ ఎక్కని జనం. చుట్టుపక్కల ప్రభుత్వ బళ్ళ పిల్లలకు రోజూ తలమీద నుంచి విమానాలు వెళ్తాయి, లోపల ఎలా ఉంటుందో చూడాలంటే వేల రూపాయల టికెట్ కొనాలి. రెండేళ్ళకోసారి బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది, మంచిదే, నాలుగు రోజులకే అయిపోతుంది. మిగతా రోజుల సంగతేంటి?

5. మన సొంత చరిత్ర. నిజాం రాష్ట్రం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ హైదరాబాద్ కేంద్రంగా డకోటా అనే పాతకాలపు విమానాలు నడిపింది. మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. 1953లో ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసింది. ఈ కథంతా చెప్పాలంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళం నిఘా విమానం టీయూ-142ని నిలబెట్టారు కాబట్టి జనం ఎక్కి చూస్తున్నారు. అది సైనిక విమానం. మామూలు మనుషులు పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు, కోర్టు పనులకు ఎక్కిన విమానానికి ఆ మాత్రం చోటు ఎందుకు దొరకదు?

ఇలాంటివి కుదరవు, ఎక్కడా జరగవు అని మాకు చెప్పొద్దు. పక్కనే ఒడిశా చూడండి. బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా ఒకటి కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాలు పడి ఉంటే 2023లో ముక్కలుగా విప్పి లారీలకెక్కించి భువనేశ్వర్ తెచ్చి మళ్ళీ బిగించుకున్నారు. అదే కోల్‌కతాలో 2025లో ఇంకో తమాషా జరిగింది. ఎయిరిండియా తన లెక్కల్లోంచే జారిపోయిన బోయింగ్ 737-200 ఒకటి పదమూడేళ్ళుగా అక్కడే పడి ఉందని తెలిసి, దాదాపు కోటి రూపాయల పార్కింగ్ బిల్లు వచ్చింది. ఆ విమానం చివరికి తుక్కు కాలేదు, మెయింటెనెన్స్ శిక్షణకు పనికొస్తుందని రోడ్డు మీద బెంగళూరు తీసుకెళ్ళారు. ఇంగ్లండ్‌లో డక్స్‌ఫర్డ్ దగ్గర వలంటీర్లు ఎయిర్‌స్పీడ్ అంబాసిడర్ అనే విమానాన్ని, ప్రపంచంలో మిగిలిన ఒక్కగానొక్కదాన్ని, 1986లో తెచ్చుకుని 2013కి గానీ పూర్తి చేయలేకపోయారు. ఇరవై ఏడేళ్ళు. వాళ్ళను ఎవరూ గేటు బయట నిలబెట్టలేదు. అమెరికాలో కాన్సాస్ సిటీలో కాన్‌స్టలేషన్ విమానాన్ని 1986లో కాపాడి మళ్ళీ ఎగరేసిన బృందంలో ఎక్కువమంది టీడబ్ల్యూఏ అనే విమాన సంస్థలో పనిచేసి రిటైరైనవాళ్ళే. మేం ఎగరేస్తామని కూడా అనడం లేదు.

మీ అభ్యంతరాలు మాకు తెలుసు. సెక్యూరిటీ అంటారు. సరే, పోలీసు వెరిఫికేషన్ మా ఖర్చుతో చేయించుకుంటాం, మీ మనిషి పక్కన నిలబడితేనే పనిచేస్తాం, లేదంటే కంచె మార్చి ఆ మూలను బయటి వైపుకి తెండి, లేదంటే విమానాన్ని బయటకు తరలించండి, విప్పడానికి మేం వస్తాం. ఎవరైనా పడి కాలు విరిగితే బాధ్యత ఎవరిది అంటారు. ఇన్సూరెన్స్ కడతాం, హామీ పత్రం రాస్తాం, ముసాయిదా మీరే ఇవ్వండి. ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది అంటారు, ఇది మాత్రం నిజమైన భయమే, సర్కారు వస్తువుని ఊరికే ఇచ్చేశారని రేపు ఎవరైనా రాయొచ్చు. అందుకే మా పేరు మీద ఇవ్వమని అడగడం లేదు. కింద చూడండి.

మేం కోరేవి ఇవి:

1. ఆ జాబితాలోంచి ఈ విమానాన్ని తొంభై రోజులపాటు పక్కన పెట్టండి. వేలం రద్దు చేయమనడం లేదు, ఆగమంటున్నాం.

2. మా దరఖాస్తు మీద ముప్పై రోజుల్లో అవునో కాదో రాతపూర్వకంగా చెప్పండి. కాదంటే కారణం రాయండి. కారణం తెలిస్తే దాన్ని తీర్చే దారి మేం వెతుక్కుంటాం. "పరిశీలనలో ఉంది" అనేది జవాబు కింద లెక్కకు రాదు.

3. స్థలం బాకీ ఎంతో తేల్చండి. బాకీ కింద విమానాన్నే జమకట్టుకుని, దాన్ని ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి గానీ ఐటీఐకి గానీ పర్యాటక శాఖకు గానీ బదిలీ చేయండి. ఒక ప్రభుత్వ శాఖ నుంచి ఇంకో ప్రభుత్వ శాఖకు వెళ్తే ఆడిట్ ఏమంటుంది? మేం అక్కడ జీతం లేని పనివాళ్ళుగా ఉంటాం. బోర్డు మీద మా పేర్లు కూడా అక్కర్లేదు. (బ్యాంకు ఆయన మాత్రం చిన్న అక్షరాల్లో అయినా ఉంటే బాగుండు అంటున్నారు.)

4. వైమానిక దళం ఆవ్రోల స్థానంలో సీ-295 అనే రవాణా విమానాలను తెస్తోంది. 56 విమానాలకు 2021లో ఒప్పందం కుదిరింది, 2023 నుంచి వస్తున్నాయి, వాటి విడిభాగాలు కొన్ని మన హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి. అంటే ఆవ్రోలు రిటైరయ్యేది ఈ కొద్ది ఏళ్ళలోనే. కిటికీ అద్దాలు, టైర్లు, కాక్‌పిట్ మీటర్లు దొరికే అవకాశం మళ్ళీ రాదు. మా కోసం కాకపోయినా, ఏ పాలిటెక్నిక్ పేరు మీద ఉంటే ఆ పాలిటెక్నిక్ తరఫున మీరు ఒక్క లేఖ రాయండి, వాళ్ళు ఎగరడానికి పనికిరావని పక్కన పడేసే వస్తువులే మాకు చాలు. సైనిక సామగ్రి అడగడానికి మాలాంటివాళ్ళం రాస్తే ఆ కవరు కూడా తెరవరు.

5. రెండు రాష్ట్రాల్లో విమానాశ్రయాల్లో, ఎయిర్‌స్ట్రిప్‌ల్లో, మూతపడ్డ శిక్షణ సంస్థల్లో పాత విమానాలు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో జాబితా చేసి బయటపెట్టండి. ఏదైనా తుక్కుకి వేసేముందు అరవై రోజుల పబ్లిక్ నోటీసు ఇవ్వండి, కాలేజీలు, మ్యూజియాలు అడిగితే ముందు వాళ్ళకు ఇవ్వండి. మాది ఒక్కటే కాదు, ఇంకో ఊళ్ళో ఇంకెవరో ఇలాగే గేటు బయట నిలబడి ఉంటారు.

6. ఇన్ని చెప్పాక కూడా అమ్మేయాలనే నిర్ణయిస్తే, గ్యాస్ సిలిండర్లు, బ్రేకులు, మీటర్లు తెలిసినవాళ్ళతో తీయించాకే కోత మొదలవ్వాలని వేలం షరతుల్లో రాయండి. ఆ పని కూడా మేమే ఉచితంగా చేసిపెడతాం. మా విమానాన్ని మా చేతులతో తుక్కుకి సిద్ధం చేయడం మాకు ఇష్టమై కాదు, కూలీల ప్రాణాలు పోకూడదని.

విమానయాన రంగంలో పనిచేసిన, చేస్తున్న తెలుగువాళ్ళకు కూడా ఒక మాట. ఆవ్రో మాన్యువల్స్, వైరింగ్ బొమ్మలు, పాత ఫోటోలు, ఇంటి అటక మీద పడేసిన ఏ ముక్కయినా ఉంటే పాత పేపర్ల వాడికి వేయకండి. మీ దగ్గర్లో ఏఎంఈ కాలేజీ ఉంటే వాళ్ళకైనా ఇవ్వండి. బెంగళూరులో, గల్ఫ్‌లో, అమెరికాలో పెద్ద కంపెనీల్లో ఉన్నవాళ్ళు చందా పంపిస్తామని కబురు పెట్టారు, సంతోషం, కానీ ఇప్పుడు చందా వద్దు. మీ పాత సర్వీసు గుర్తింపుతో అధికారులకు ఒక్కో లేఖ రాయండి, రిటైరైన ఇంజనీర్లు నలుగురు రాస్తే మా విద్యార్థులు నలభై మంది రాసినదానికన్నా ఎక్కువ బరువుంటుంది, న్యాయమైనా కాకపోయినా లోకం అలాగే ఉంది.

మేం ధర్నాకు రావడం లేదు, కోర్టుకు వెళ్ళాలన్న ఆలోచన ప్రస్తుతానికి లేదు. వేలం నోటీసు వస్తే మాత్రం వెళ్తాం, ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద అని చెప్తున్నాం. బిడ్ వేయడానికి కూడా డబ్బు పోగేస్తున్నాం, కిలోల లెక్కన అమ్మే వస్తువుని తుక్కు వ్యాపారితో పోటీపడి కొనగలమో లేదో తెలియదు.

ఇక అత్యవసరమైనది ఒక్కటుంది, దీనికి పెద్ద నిర్ణయాలేమీ అక్కర్లేదు. కాక్‌పిట్ పైకప్పు మీద మేం తీసేసిన రేకు స్థానంలో కొత్తది వేసేలోపే గేటు మూశారు. అక్కడ ఇప్పుడు నీలం టార్పాలిన్ ఒక్కటే ఉంది, ఎండకు అది చిరిగిపోయి ఉంటుంది. రేకు కోసి, రంధ్రాలు వేసి, వెల్డింగ్ షాపులో సిద్ధంగా ఉంది. వానలు మొదలయ్యేలోపు ఏదో ఒక ఆదివారం నలుగురిని లోపలికి పంపండి, మీ మనుషులను కాపలా పెట్టుకోండి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి బిగించేసి వచ్చేస్తాం. మిగతా విషయాల మీద మీ జవాబు ఆ తర్వాత వచ్చినా సరే.

ఇట్లు,
ఆవ్రో పని చేస్తున్న వలంటీర్లం